అర్థం తెలుసు, మాట రాదు

కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిందంటే వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ అది ఊరంతా చెప్పుకునే కబురే. 2008లో ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని, అంటే ఈ ట్రిపుల్ ఐటీలను, పెట్టిందే పల్లె పిల్లల కోసం. పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. గ్రేడు పాయింట్లున్న కాలంలో ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 పాయింటు అదనంగా కలిపేవారు. దాంతో ఊరి హైస్కూల్లో తెలుగులో చదివి ఫస్టు వచ్చిన పిల్ల, వేసవి సెలవులు దాటగానే ఇంగ్లిష్‌లో చెప్పే ఫిజిక్సు ముందు కూర్చునేది. మీడియం సంగతి ఇప్పుడు మారుతున్నా, ఆ పిల్ల కష్టం ఇంకా పూర్తిగా తీరలేదు.

ఆ పిల్లకు సలహా ఇవ్వనివారు ఉండరు. "వొకాబ్యులరీ పెంచుకోమ్మా" అంటారు సార్లు, అంటారు సీనియర్లు, అంటాడు పట్నంలో ఉద్యోగం చేసే చిన్నాన్న. ఈనాడు ‘ప్రతిభ’, సాక్షి ‘భవిత’ లాంటి చదువుల పేజీలు ఏళ్లుగా ఇంగ్లిష్ పాఠాలు వేస్తూనే ఉన్నాయి. బస్టాండు పుస్తకాల కొట్లో ముప్ఫై రోజుల్లో ఇంగ్లిష్ నేర్పే పుస్తకాలకు ఎప్పుడూ కొదవ లేదు. అన్నిటి అచ్చూ ఒకటే: ఒక గడిలో ఇంగ్లిష్ మాట, రెండో గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో ఒక వాక్యం. పిల్లల నోటుబుక్కుల్లోనూ స్కేలు పెట్టి గీసిన ఈ మూడు గళ్లే.

ఈ మూడు గళ్ల పద్ధతి పనిచేస్తుందా, పనిచేస్తే ఎంతవరకు అన్నది నూరేళ్లుగా నలుగుతున్న ప్రశ్న. పరిశోధనలు చాలానే వచ్చాయి, వాటిలో కొన్ని ఒకదాన్నొకటి ఖండించుకున్నాయి కూడా. అవన్నీ చూశాక నాకు అనిపించింది ముందే చెప్పేస్తాను. మొదటి గడిలో ఏ మాట రాయాలన్నది మనం అసలు ఆలోచించడం లేదు. రెండో గడిని, అంటే తెలుగు అర్థాన్ని, ఊరికే చిన్నచూపు చూస్తున్నాం. మూడో గడిని అతిగా నమ్ముతున్నాం.

మొదటి గడి సంగతి ముందు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు సైన్సు మాటలే కొరకరాని కొయ్యలని చాలామంది అనుకుంటారు. నిజానికి అవే తేలిక. ‘ఫ్రిక్షన్’ అంటే ఘర్షణ, ‘రిఫ్రాక్షన్’ అంటే వక్రీభవనం. ఆ భావం పిల్లకు ముందే తెలుసు, పేరు మారిందంతే. పైగా సారు ఆ మాటను బోర్డు మీద రాస్తారు, నిర్వచనం చెబుతారు, బొమ్మ గీస్తారు, పరీక్షలో అడుగుతారు. చిక్కంతా ఎవరూ బోర్డు మీద రాయని మాటలతో. పీయూసీ పుస్తకంలో ఉండే తరహా లెక్క ఒకటి చూడండి: ‘అస్యూమింగ్ దట్ ద ఫ్రిక్షన్ ఈజ్ నెగ్లిజిబుల్, డిరైవ్ యాన్ ఎక్స్‌ప్రెషన్ ఫర్ ద యాక్సెలరేషన్ ఆఫ్ ఈచ్ బ్లాక్.’ ఇందులో ఫ్రిక్షన్, యాక్సెలరేషన్ ఆమెకు వచ్చు. ఆగిపోయేది ‘అస్యూమింగ్’ దగ్గర, ‘నెగ్లిజిబుల్’ దగ్గర, ‘డిరైవ్’ దగ్గర. ‘ఎక్స్‌ప్రెషన్’ అయితే ఇంకా మోసం చేస్తుంది. హీరో ముఖంలో పలికే భావాన్ని ఎక్స్‌ప్రెషన్ అంటారని సినిమాల వల్ల తెలుసు కాబట్టి, అది తెలిసిన మాటే అనుకుంటుంది. ఇక్కడ దానర్థం లెక్కల పుస్తకంలో తాను ఎన్నిసార్లో చదివిన ‘సమాసం’ అని ఎవరూ చెప్పరు. లెక్క చేయడం వచ్చు, లెక్క ఏమడిగిందో తెలియదు.

ఈ రకం మాటల్ని పట్టుకుని జాబితా కట్టిన మనిషి న్యూజిలాండ్ పరిశోధకురాలు ఏవ్రిల్ కాక్స్‌హెడ్. ఆమె 2000లో ప్రకటించిన ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’లో 570 పద కుటుంబాలున్నాయి. పద కుటుంబమంటే అస్యూమ్, అస్యూమ్డ్, అసంప్షన్ కలిపి ఒక్కటే లెక్క. చదువుల పుస్తకాల్లో వచ్చే మాటల్లో దాదాపు 10 శాతం ఈ 570 కుటుంబాలవే. అదే కథల్లో, నవలల్లో అయితే వీటి వాటా ఒకటిన్నర శాతం కూడా లేదు. ‘అస్యూమ్’, ‘డిరైవ్’, ‘హెన్స్’, ‘వేరాజ్’ అన్నీ అందులో ఉన్నవే. కథల పుస్తకాలు చదివితే ఇంగ్లిష్ దానంతటదే వస్తుందన్న సలహా మంచిదే గానీ, ఇంజినీరింగు పిల్లకు అది సగం సలహా.

దీనికన్నా ముందు నేర్వాల్సింది ఇంకొకటుంది. ఏ రెండు వేల మాటలు వస్తే ఇంగ్లిష్‌లో ఎక్కువ భాగం చదవగలం అన్న లెక్క వేసినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఆయన ఆ పని మొదలుపెట్టింది లండన్‌లో కాదు, ఢాకాలో, బెంగాలీ పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతూ. ఎక్కడో పుట్టిన పాఠ్యపుస్తకాల్లోని మాటలు బెంగాల్ పిల్లలకు పెద్దగా పనికిరావడం లేదని గమనించి, తరచుగా వచ్చే మాటల్నే ముందు నేర్పాలన్నాడు. 1935లో తెచ్చిన నిఘంటువులో దాదాపు 24 వేల మాటలకు 1,490 మాటలే వాడి అర్థాలు రాశాడు. 1953లో ఆయన పేరుతో వచ్చిన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’లో సుమారు రెండు వేల మాటలున్నాయి. వీటితో మామూలు రాతలో నూటికి ఎనభై మాటల దాకా తెలిసిపోతాయి. వినడానికి చాలానే ఉంది. కానీ ప్రతి అయిదు మాటల్లో ఒకటి తెలియకపోతే పేజీ ముందుకు సాగదు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే యాభై మాటలకు ఒకటి మించి తెలియనిది ఉండకూడదని, అందుకు ఎనిమిది, తొమ్మిది వేల కుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో తేల్చాడు. రెండు వేలకూ తొమ్మిది వేలకూ మధ్య దూరం చాలా ఉంది. అందుకే వరస ముఖ్యం.

మనవాళ్లు వరస తప్పేది ఇక్కడే. నార్మన్ లూయిస్ 1949లో రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ మన ఊళ్లలోనూ ప్రతి పుస్తకాల షాపులో దొరుకుతుంది. మంచి పుస్తకమే. అయితే అది అప్పటికే ఇంగ్లిష్ బాగా వచ్చిన అమెరికన్ల కోసం రాసినది. ‘మిసాంత్రోప్’ అంటే మనుషులంటే గిట్టనివాడని టక్కున చెప్పే కుర్రాడు ‘అన్‌లెస్’తో వాక్యం చెప్పమంటే నీళ్లు నములుతాడు. ఈ మోజుకు ఆజ్యం పోసింది జీఆర్ఈ. అమెరికా వెళ్లే తెలుగు పిల్లలు రెండు మూడు తరాలపాటు బ్యారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితాను అమరకోశంలా వల్లె వేశారు. వ్యతిరేకార్థాలూ, మాటల జతలూ అడిగే ప్రశ్నలుండేవి కాబట్టి ఆ బట్టీకి ఫలితమూ దక్కేది. 2011 ఆగస్టులో పరీక్ష తీరు మార్చి ఆ ప్రశ్నలు తీసేశారు. పేరాలో ఖాళీ పూరించే ప్రశ్నలకు, వాక్యానికి సరిపడే మాటలు ఎంచే ప్రశ్నలకు పెద్దపీట వేశారు. పరీక్ష పెట్టేవాళ్లే విడి మాటను వదిలి వాక్యానికి వచ్చారు. మన పిల్లల నోటుబుక్కుల్లో మాత్రం 2011 ఇంకా రాలేదు.

ఇక రెండో గడి. తెలుగు అర్థం చూడొద్దు, ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్చుకో, ఇంగ్లిష్‌లోనే ఆలోచించు. ఇది స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ల తొలి పాఠం. వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ 1942లో తెచ్చిన నిఘంటువే తర్వాత ఆక్స్‌ఫర్డ్ వారి ‘అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ అయింది. ఇంగ్లిష్ నేర్చుకునేవాడికి ఇంగ్లిష్‌లోనే సులువుగా అర్థం చెప్పడం దాని పద్ధతి. ఆ నిఘంటువు గొప్పదనం గురించి రెండో మాట లేదు. కానీ కొత్తవాడికి అది తాళంచెవి లోపల పెట్టిన పెట్టె. ‘రిలక్టెంట్’ అర్థం చూడబోతే ‘హెజిటేటింగ్’ అని వస్తే, దానికోసం మళ్లీ పేజీలు తిప్పాలి.

ఈ విషయంలో పరిశోధన చాలావరకు తెలుగు అర్థం వైపే ఉంది. మాతృభాషలో అర్థం ఇచ్చినప్పుడు మాటలు బాగా గుర్తున్నాయని బాటియా లాఫర్, కరెన్ ష్ముయేలి 1997లో ఇజ్రాయెల్‌లో చూపించారు. కొత్త భాష నేర్చుకునే తొలిరోజుల్లో కొత్త మాట నేరుగా భావానికి అతుక్కోదని, సొంత భాష మాట చేయిపట్టుకునే భావం దగ్గరికి వెళుతుందని జూడిత్ క్రోల్, ఎరికా స్టూవర్ట్ 1994లో వాదించారు. పట్టు వచ్చేకొద్దీ ఆ మధ్యవర్తి దానంతటదే తప్పుకుంటుంది. కాబట్టి మనసులో అనువాదం చేసుకునే పిల్లను చూసి కంగారుపడాల్సింది లేదు, అది దాటిపోయే దశ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు 2020-21లో వచ్చిన ద్విభాషా పుస్తకాలు ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాషగా అచ్చయ్యాయి. మీడియం గొడవల మాట ఎలా ఉన్నా, ఆ ఎదురెదురు పేజీల ఆలోచన సరైనదే. ఇంగ్లిష్ పేజీలో ‘ఎక్స్‌ప్రెషన్’ దగ్గర ఆగిన పిల్ల పక్క పేజీలో ‘సమాసం’ చూస్తే చాలు, మళ్లీ అడగాల్సిన పని లేదు.

అయితే రెండో గడికి ఒక హద్దుంది. తెలుగులో ఒక్క క్రియ చేసే పనికి ఇంగ్లిష్‌లో నలుగురు కావాలి. సినిమా చూస్తాం, తప్పు చూస్తాం, అమ్మను చూడటానికి వెళతాం, గడియారం వైపు చూస్తాం. ఇంగ్లిష్‌లో వీటికి వాచ్, నోటీస్, విజిట్, లుక్ అంటూ వేర్వేరు మాటలు వచ్చి కూర్చుంటాయి. ఫ్యాను వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, ఆకలి కూడా వేస్తుంది. ‘పుట్ ద ఫ్యాన్’ అన్న పిల్ల తెలుగు అర్థం చూసి చెడిపోలేదు. ఆ అర్థం ఒక్కచోటికే పనికొస్తుందని ఎవరూ చెప్పకపోవడం వల్ల అలా అంది.

ఈ తిప్పలన్నీ ఇదే కడపలో ఒకాయన తిరగేసి పడ్డాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. కచేరీ పని తెలుగులో నడవాలి, నేర్పే పుస్తకాలు అరకొర, ఉన్నవి కావ్య భాషలో. 1826లో మళ్లీ కడపకు వచ్చాక సొంత ఖర్చుతో పండితుల్ని కుదుర్చుకుని, తాటాకు ప్రతులు సేకరించి, ఎత్తిరాయించి, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లిష్ అనువాదంతో తెచ్చాడు. ఆ శ్రమంతా 1852లో నిఘంటువులుగా మద్రాసులో అచ్చయింది. తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెరిస్తే అర్థం దగ్గర ఆగదు. ఆ మాట జనం నోట ఎలా పలుకుతుందో, కవి దాన్ని ఎక్కడ వాడాడో కూడా కనిపిస్తుంది. కావ్యాల్లో చోటులేని వాడుక మాటల్ని ఆయన నిఘంటువుకెక్కించాడు. తెలుగు నేర్చుకునేవాళ్లకోసం రెండు భాషల్లో సంభాషణల పుస్తకం, జనం చెప్పుకునే కథలతో ‘తాతాచారి కథలు’ కూడా తెచ్చాడు. మాట, అర్థం, వాడుక, తర్వాత చదువుకోవడానికి తేలిక కథలు. విదేశీయుడు తెలుగు నేర్చుకోవడానికి వేసుకున్న ఈ బాటను తిరగేస్తే, తెలుగు పిల్ల ఇంగ్లిష్ నేర్చుకునే బాట అవుతుంది. కడప ఎర్రముక్కపల్లిలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ పిల్లలు కడప వచ్చిపోతూ దాన్ని ఒక్కసారైనా చూడాలని నా కోరిక. పుస్తకాలు ఎవరికైనా పనికొస్తాయి గానీ, ఇలాంటి మొండి పట్టుదల దగ్గర్లో ఉందని తెలిస్తే ధైర్యంగా ఉంటుంది.

మూడో గడి దగ్గరికొస్తే తగవు ముదురుతుంది. అర్థం పక్కన ఉదాహరణ వాక్యం ఉండాలని అందరూ అంటారు. లాఫర్ 1993లో పరీక్షించి చూస్తే, అర్థమూ ఉదాహరణా కలిసి ఉన్నప్పుడు ఫలితం బాగుంది. ఏదో ఒక్కటే ఇస్తే ఉదాహరణ కన్నా అర్థమే ఎక్కువ అక్కరకొచ్చింది. స్టువార్ట్ వెబ్ 2007లో జపాన్ విద్యార్థులకు కొందరికి మాట-అర్థం జతలు మాత్రమే, మరికొందరికి జతతోపాటు ఒక వాక్యం ఇచ్చి చూశాడు. పెద్ద తేడా కనిపించలేదు. ఇక జో బార్‌క్రాఫ్ట్ 2004లో చూపింది మన టీచర్లకు నిజంగా మింగుడుపడనిది. కొత్త మాట చూసిన వెంటనే దానితో సొంత వాక్యం రాయమంటే, రాసినవాళ్లకు మాటే సరిగా గుర్తుండలేదు. వాక్యం కట్టే ధ్యాసలో మాట రూపం, స్పెల్లింగు మనసులో దిగలేదు. మరోపక్క, మాటతో ఎంత పని చేస్తే అంత గుర్తుంటుందని, సొంత రాతలో వాడటమే మేలైన పద్ధతని హుల్‌స్టైన్, లాఫర్ 2001లో అన్నారు.

ఈ రెండూ ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి గానీ, మధ్యలో కాలాన్ని పెడితే పొసగుతాయి. మొదటిరోజు మాట, దాని తెలుగు అర్థం, మంచి వాక్యం ఒకటి చదవాలి. సొంత వాక్యం రెండో మూడో రోజు రాయాలి, మాట నోటికి వచ్చాక. ఇప్పుడు బళ్లలో జరిగేది దీనికి తలకిందులు. పది మాటలు చెప్పి, ఆ సాయంత్రానికే పదింటికీ ‘ఓన్ సెంటెన్స్’ రాసుకురమ్మంటారు. పిల్లలు గైడులో చూసి ఎక్కించుకొస్తారు.

మంచి వాక్యమంటే ఏమిటో ఒక మాట మీద చూద్దాం. ‘రిలక్టెంట్’. తెలుగులో ఇష్టం లేక వెనకాడటం. నోటుబుక్కుల్లో తరచుగా కనిపించే వాక్యం: ‘హి ఈజ్ రిలక్టెంట్.’ ఆ మాట స్థానంలో ‘టాల్’ పెట్టండి, ‘రిచ్’ పెట్టండి, వాక్యం అలాగే నిలబడుతుంది. అలాంటి వాక్యం అర్థాన్ని ఏమాత్రం మోయదు. ఇప్పుడు ఇది: ‘ద బోర్‌వెల్ హ్యాజ్ గాన్ డ్రై, బట్ మై ఫాదర్ ఈజ్ స్టిల్ రిలక్టెంట్ టు సెల్ ద ల్యాండ్.’ బోరు ఎండిపోయింది, అయినా నాయనకు పొలం అమ్మబుద్ధి కాదు. మాటను చేత్తో మూసినా అక్కడ ఏ భావం రావాలో తెలుస్తుంది. పైగా ఇంకొకటి చెప్పకుండానే చెబుతుంది: రిలక్టెంట్ తర్వాత ‘టు’ వస్తుంది, ఆ తర్వాత క్రియ వస్తుంది. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన వాక్యమే మూడో గడిలో ఉండాలి. లేకపోతే గడి ఖాళీగా ఉన్నా నష్టం లేదు. జాన్ సింక్లెయిర్ నాయకత్వాన బర్మింగ్‌హాంలో 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు చేసిన మేలు కూడా ఇదే. ఎవరో కూర్చుని కల్పించిన వాక్యాలు కాక, జనం నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాల్ని కంప్యూటర్లో పోగేసి, అందులోంచి ఉదాహరణలు తీసింది. అర్థాన్ని సైతం నిండు వాక్యంగా చెప్పింది.

కొన్ని మాటలకు ఒక్క వాక్యం సరిపోదు. ‘యీల్డ్’ అలాంటిదే. పులివెందుల వైపు చీనీ తోట ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకు దిగుబడి అంటే చెప్పనక్కర్లేదు. ఎకరాకు ఎన్ని టన్నులన్నది ఇంట్లో రోజూ వినే మాటే. ఆ అర్థం రాసుకుని మెకానికల్ పుస్తకం తెరిస్తే ‘యీల్డ్ స్ట్రెంగ్త్’ వస్తుంది. ఇనుప కడ్డీని లాగుతూ పోతే ఒక స్థాయి దాటాక వదిలినా మునుపటి పొడవుకు రాదు, అక్కడ లోహం లొంగిపోతుంది. కెమిస్ట్రీలో ‘పర్సెంటేజ్ యీల్డ్’ మళ్లీ దిగుబడి వైపుకే వెళుతుంది. కంప్యూటర్ సైన్సు పిల్లకు పైథాన్‌లో యీల్డ్ ఒక కీవర్డ్, ఫలితాల్ని ఒక్కొక్కటిగా చేతికిచ్చి, మళ్లీ అడిగేదాకా ఆగుతుంది. బ్యాంకు పరీక్షకు చదివే అన్నకు బాండ్ల మీద వచ్చే రాబడి. అమెరికాలో కారు నడిపే అక్కకు రోడ్డు పక్క బోర్డు, ఎదుటి బండికి దారి ఇవ్వమని. పంటైనా, ఫలితమైనా ఇవ్వడం ఒక కొమ్మ. లొంగడం, దారి వదలడం రెండో కొమ్మ. ఈ రెండు కొమ్మలు చూపిస్తే ఆరు అర్థాలూ వాటంతటవే సర్దుకుంటాయి. ఇలాంటి మాటల్ని రోజుకు పది నేర్పడం కుదరదు, రోజుకు ఒకటి చాలు. లెక్క కోసం పరుగెత్తే జాబితాలకు నాకున్న అభ్యంతరం ఇదే.

జ్ఞాపకం సంగతి క్లుప్తంగా. మరిచిపోవడం మొదటి గంటల్లోనే ఎక్కువని, ఎడం ఇచ్చి మళ్లీ చదివితే నిలుస్తుందని ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చెప్పాడు. మళ్లీ మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం మేలని రోడిగర్, కార్పికీ 2006లో చూపారు. చదివిన అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే తిరిగి చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని అభ్యాసం చేసినవాళ్లు గెలిచారు. మన విద్యార్థులు పరీక్ష ముందురాత్రి చదువుతారు కాబట్టి మొదటి ఫలితాన్నే చూస్తారు, అదే నిజమనుకుంటారు. నోటుబుక్కులో తెలుగు గడి మీద కాగితం పెట్టి మూసి చెప్పుకోవడం, మరుసటి వారం ఇంగ్లిష్ గడి మూసి చెప్పుకోవడం, ఖర్చులేని పద్ధతి.

ఒక్కటి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పుస్తకాలన్నీ దీనికి ఎదురు నడుస్తున్నాయి. పండ్ల పేర్లన్నీ ఒకచోట, రంగులన్నీ ఒకచోట, వ్యతిరేక పదాలన్నీ ఒకచోట నేర్పడం మనకు అలవాటు. దగ్గర అర్థాలున్న కొత్త మాటల్ని గుంపుగా నేర్పితే ఒకదానితో ఒకటి కలగాపులగమై ఆలస్యంగా వస్తాయని టింకమ్ 1993లో చూపాడు. వేరింగ్ 1997లో జపాన్‌లో మళ్లీ చేసి అదే కనుక్కున్నాడు. ‘బారో’, ‘లెండ్’ ఒకేరోజు నేర్చుకున్న పిల్ల జీవితాంతం ఏది అప్పు తీసుకోవడమో, ఏది ఇవ్వడమోనని తడుముకుంటుంది. ఒకటి బాగా కుదురుకున్నాక రెండోది చెప్పాలి. అమరకోశంలో పర్యాయపదాలు గుంపుగానే ఉన్నాయి కదా అంటారేమో. అవి శ్లోకంలో ఉన్నాయి, ఛందస్సు ఒక్కో మాటను దాని చోట కట్టేసి ఉంచుతుంది. పైగా అమరం వల్లించినవారికి రోజంతా అదే పని. ట్రిపుల్ ఐటీ పిల్లకు రాత్రి ల్యాబు రికార్డు రాయాలి.

వీటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సిన ఆస్తి ఒకటి ఇంట్లోనే ఉంది. ఒక్క అక్షరం ఇంగ్లిష్ చదవని రైతు నోట రోజూ వచ్చే మాటలు లెక్కపెట్టండి. బోరు, మోటారు, స్టార్టరు, ఫీజు, ట్రాన్స్‌ఫార్మరు, డ్రిప్పు, వాల్వు, లోను, ఇన్సూరెన్సు, సబ్సిడీ, మార్కెట్ రేటు. ప్రొద్దుటూరు బట్టల కొట్లో డిజైను, స్టాకు, డిస్కౌంటు, ఎక్స్‌చేంజి. ఈ పిల్లలకు ఇంగ్లిష్ మాటలు తెలియవనడం అన్యాయం. వందల కొద్దీ తెలుసు, తెలుసని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తెలుగులో చేరిన పరభాషా మాటల్ని పనికిరానివని పక్కన పెట్టక 1854లో బ్రౌన్ వాటికోసం విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. ఇంగ్లిష్ పాఠం ఇలాంటి జాబితాతో మొదలైతే మొదటిరోజే పిల్ల వెన్ను నిటారవుతుంది. ‘సబ్సిడీ’ నుంచి ‘సబ్సిడైజ్’, ‘ఇన్సూరెన్సు’ నుంచి ‘ఇన్సూర్’, అక్కడి నుంచి అది ‘ఎన్సూర్’ కాదన్న తేడా. దారి దానంతటదే ఉంది.

ఈ ఆస్తిలో కొన్ని చెల్లని నోట్లూ ఉన్నాయి. ‘ఫీలయ్యాడు’ అంటే తెలుగులో నొచ్చుకున్నాడని, ఇంగ్లిష్‌లో ఫీల్ అంటే ఏదైనా అనిపించడం. ‘హోటల్’లో తిని వస్తాం, ఇంగ్లిష్ హోటల్ ప్రధానంగా బస. ‘డౌట్’ అంటే మన క్లాసులో తెలియనిదాన్ని అడగడం. బయట దేశంలో ప్రొఫెసర్‌తో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీ మాట నమ్మలేకపోతున్నానని వినిపించే ప్రమాదముంది. ‘ఎక్స్‌ట్రాలు’ చేయడం, ‘బిల్డప్’ ఇవ్వడం, ‘సెట్’ అవడం, ఇవన్నీ పుట్టుకతో ఇంగ్లిష్, పెంపకంలో తెలుగు. తెలుగులో తప్పు కాదు, చక్కటి తెలుగే. ఇంగ్లిష్ రాసేటప్పుడు మాత్రం వీటికోసం విడిగా ఒక పేజీ పెట్టుకోవాలి. ఏ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువూ ఈ పేజీ రాసివ్వదు, అది ఇక్కడి టీచరు మాత్రమే రాయగలిగింది.

బళ్లలో వచ్చిన మార్పులు కొన్ని చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చిన విద్యాకానుక కిట్లలో 2021-22 నుంచి నిఘంటువు కూడా ఇచ్చారు, చిన్న తరగతులకు బొమ్మలది. పల్లెలో చాలా ఇళ్లకు అదే మొదటి నిఘంటువు. ఇవ్వడం మంచి పనే. దాన్ని ఎలా చూడాలో నేర్పడానికి మాత్రం టైంటేబుల్లో పీరియడు లేదు. అక్షరక్రమం, ఒకే మాట కింద వరసగా ఉండే అర్థాల్లో మన వాక్యానికి సరిపడేది ఎంచుకోవడం, నామవాచకమా క్రియా అని గుర్తుపట్టడం, ఇవి నేర్పితే వచ్చేవే. నేర్పకపోతే పిల్ల మొదటి అర్థం రాసుకుని పుస్తకం మూసేస్తుంది. శంకరనారాయణ నిఘంటువు తరాల తరబడి ఇళ్లలో నిలిచినా, బ్రౌన్ సహా ఎన్నో నిఘంటువులు ఆంధ్రభారతి సైటులో ఉచితంగా దొరుకుతున్నా, కొరత ఇక్కడే.

ఇప్పుడు నిఘంటువు స్థానంలో ఫోను వచ్చింది. మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది, అడిగితే కృత్రిమ మేధ ఏ మాటకైనా పది ఉదాహరణలు క్షణంలో రాసిస్తుంది. వెతుక్కునే శ్రమ పోయింది కాబట్టి గుర్తుండటం తగ్గుతుందన్న భయం నిజమే. అయితే దాన్ని అడిగే తీరు మార్చుకోవచ్చు. ‘గివ్ మీ టెన్ సెంటెన్సెస్’ అంటే పార్కులో పరిగెత్తే జాన్, కేకు చేసే మేరీ వస్తారు. అదే, బోరు, చీనీ తోట, హాస్టల్ మెస్సు, సెమిస్టర్ పరీక్ష, కడప బస్సు వీటిలో ఒకటి ఉండేలా, మాటను మూసినా అర్థం తెలిసేలా మూడు వాక్యాలు ఇవ్వమంటే మరోలా ఇస్తుంది. ఇచ్చినవాటిలో ఒకటి ఇక్కడి మనిషి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. దాన్ని ఏరి, ఎందుకు బాగాలేదో పక్కన తెలుగులో రాయమనండి. ఇడుపులపాయ హాస్టల్ గదిలో నలుగురు పిల్లలు కూర్చుని ఈ పని చేస్తే ఒక సెమిస్టర్‌లో ఈ ప్రాంతపు ఉదాహరణ వాక్యాల పుస్తకం ఒకటి తయారవుతుంది. వచ్చే ఏడాది చేరబోయే పదో తరగతి పిల్లలకు సీటు కబురుతో పాటే దాన్ని పంపవచ్చు, ఆ సెలవుల్లో చదువుకోవడానికి.